వాతమంటే ఏ వాతం?

మా ఇంట్లో మెడ నుంచి మడమ దాకా ఎక్కడ నొప్పొచ్చినా ఒకటే పేరు... వాతం. పేరు ఒకటే కాబట్టి వైద్యమూ ఒకటే. వంకాయ మానెయ్, చామదుంప ముట్టుకోకు, పడుకునే ముందు ఆముదం రాసి ఉప్పు కాపడం పెట్టుకో. కాపడంతో కాస్త హాయిగా ఉంటుంది, కాదనను. చిక్కల్లా ఆ ఒక్క పేరుతోనే. ఆర్థరైటిస్‌లో వందకు పైగా రకాలున్నాయి. వాటిలో తరచుగా కనిపించే మూడూ మా బంధువుల్లోనే ఉన్నాయి.

అమ్మవి మోకాళ్ల నొప్పులు. డెబ్బైకి దగ్గరపడింది, కాస్త బరువు కూడా. ఎముకల చివర నున్నటి మృదులాస్థి ఉంటుంది. మనవాళ్లు గుజ్జు అనేది దాన్నే. అది పలచబడి, గరుకెక్కి, అంచుల్లో ఎముక పెరిగితే ఆస్టియో ఆర్థరైటిస్. పొద్దున లేవగానే కాళ్లు పట్టేసినట్టుంటాయి, పాలు కాగేలోపు సర్దుకుంటాయి. నడిస్తే నొప్పి, కూర్చుంటే నయం. ప్రకటనలు ఏం చెప్పినా, అరిగిన గుజ్జుని తిరిగి తెప్పించే మాత్ర ఇంకా రాలేదు. తొడ కండరాలకి వ్యాయామం, బరువు తగ్గడం... మేలు చేసేవి ఇవే. కిలో బరువు తగ్గితే, వేసే ప్రతి అడుగులో మోకాలి మీద దాదాపు నాలుగు కిలోల భారం తగ్గుతుంది.

మావయ్యది గౌట్. రక్తంలో యూరిక్ యాసిడ్ ఎక్కువై, సూదుల్లాంటి స్ఫటికాలుగా కీలులో పేరుకుంటుంది. ఓ అర్ధరాత్రి కాలి బొటనవేలు ఎర్రగా వాచిపోయింది. దుప్పటి అంచు తగిలినా కేకే! ఆదివారం మటన్, సాయంత్రం బీరు తగ్గించమంటే మొహం మాడ్చుకున్నాడు గానీ, మందులతో అదుపులోకొచ్చింది.

అసలు చెప్పాలనుకున్నది పిన్ని సంగతి. 2006లో రాష్ట్రమంతా చికున్‌గున్యాతో మూలిగిన రోజులవి. పిన్నికి నలభై రెండేళ్లు. ముగ్గుపిండి వేళ్ల మధ్య నిలవడం లేదనేది. ‘పొద్దున్నే చేతులు నావి కానట్టుంటాయే అక్కా’ అనేది అమ్మతో. రెండు చేతులకీ ఒకేలా, వేళ్ల మొదళ్లలో, మధ్య కణుపుల్లో వాపు. బిగుతు వదిలేసరికి తొమ్మిదయ్యేది. జాకెట్ హుక్స్ కూతురు పెట్టాల్సొచ్చేది. జ్వరమే రాకపోయినా అందరూ చికున్‌గున్యా అనే తేల్చారు. వీధి చివరి ఆర్‌ఎంపీ పొట్లం కట్టిచ్చిన మాత్రలు వేసుకుంటే రెండు రోజుల్లో నొప్పి మాయం. ఆయన దేవుడంది పిన్ని. ఆపితే మళ్లీ రెట్టింపు. మొహం గుండ్రంగా ఉబ్బింది. అవి స్టెరాయిడ్లని రెండేళ్ల తర్వాత పెద్దాసుపత్రిలో చెప్పేదాకా తెలీదు.

ఆమెది రుమటాయిడ్ ఆర్థరైటిస్. ఒంటిని కాపాడాల్సిన రోగనిరోధక వ్యవస్థే కీలు లోపలి పొర మీద పడుతుంది. ఆ పొర వాచి, గుజ్జునీ ఎముకనీ తినేస్తుంది. ఇది వయసుతో వచ్చే అరుగుదల కాదు, ముప్పైల్లోనూ వస్తుంది. మగవాళ్లకంటే ఆడవాళ్లలో రెండు మూడు రెట్లు ఎక్కువ. మొదటి నెలల్లోనే సరైన మందు పడితే వేళ్లు వంకరపోకుండా చాలావరకు ఆపొచ్చు. వంకరపోయాక ఏ మాత్రా వాటిని నిటారు చేయలేదు. పిన్నికి పోయిన ఆ రెండేళ్లూ అవే.

అందుకే ఇంట్లో ఎవరైనా వేళ్లు పట్టేస్తున్నాయంటే గడియారం చూడమంటాను. అరగంటలోపు సర్దుకుంటే కంగారు లేదు. గంటైనా వదలకపోయినా, వాపు వారాల తరబడి ఉన్నా రుమటాలజిస్టు దగ్గరికి వెళ్లాల్సిందే. ఆర్‌ఏ ఫ్యాక్టర్ నెగెటివ్ వచ్చిందని ఊరుకోవడానికీ లేదు, జబ్బున్నా కొందరికి నెగెటివే వస్తుంది.

పిన్ని ఇప్పుడు మెథోట్రెక్సేట్ వాడుతోంది. అది వారానికి ఒక్కరోజే. పొరపాటున రోజూ వేసుకుంటే ప్రాణం మీదికొస్తుంది. అందుకని వాళ్లింటి క్యాలెండర్లో బుధవారాల చుట్టూ ఎర్ర సున్నాలుంటాయి. డాక్టరు చెప్పినప్పుడల్లా రక్తపరీక్ష. నొప్పి దాదాపు లేదు. కుడిచేతి రెండు వేళ్లు మాత్రం పక్కకి వాలే ఉన్నాయి. చేత్తో వేయడం కుదరక, వాకిట్లో గొట్టం ముగ్గు దొర్లిస్తోంది.