మరమ్మతుల పట్టణంలో రెండు రోజులు

ఖరగ్‌పూర్ పేరు వినగానే చాలామందికి రెండు సంగతులు గుర్తుకు వస్తాయి. మొదటిది 1951లో హిజ్లీలో ప్రారంభమైన ఐ.ఐ.టి. రెండవది 1072.5 మీటర్ల రైల్వే ప్లాట్‌ఫారం. ప్రపంచంలోకెల్లా పొడవైనదని చాలా కాలం పేరు పొందిన ఆ ప్లాట్‌ఫారం 2013లో గోరఖ్‌పూర్‌కు ఆ స్థానాన్ని అప్పగించింది. గోరఖ్‌పూర్ కూడా 2023లో దానిని హుబ్బళ్ళికి వదులుకున్నది. కాని తెలుగువారికి వీటికంటే ఆత్మీయమైన సంగతి మరొకటి ఉన్నది. ఇది రైళ్లు వచ్చిపోయే కూడలి మాత్రమే కాదు, రైళ్లను బాగుచేసే పట్టణం. ఆ పని చేసిన చేతులలో తరతరాలుగా తెలుగు చేతులున్నాయి.

బంధువుల ఇంట గృహప్రవేశానికి మేము కుటుంబసమేతంగా విశాఖపట్నం నుండి కారులో ఖరగ్‌పూర్ వెళ్లాము. ఇచ్ఛాపురం, బరంపురం, భువనేశ్వర్, కటక్, బాలాసోర్ మీదుగా 16వ నంబరు జాతీయ రహదారి నేరుగా అక్కడికి చేరుస్తుంది. దూరం సుమారు 750 కిలోమీటర్లు. భువనేశ్వర్‌లో ఒక రాత్రి విశ్రమించి సాగించిన ఆ ప్రయాణంలోనూ, అక్కడ గడిపిన రెండు రోజులలోనూ తెలుసుకున్న విషయాలు మన ఉద్యోగులకూ, వారి కుటుంబాలకూ ఉపకరిస్తాయని ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాము.

పట్టాల వెంట వచ్చిన తెలుగు

1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వే, నాగపూర్ వైపు నుండి వచ్చే మార్గమూ, సముద్రతీరం వెంట వాల్తేరు వైపు నుండి వచ్చే మార్గమూ కలిసేచోట ఈ పట్టణాన్ని పెంచింది. ఇరవయ్యవ శతాబ్ది తొలి సంవత్సరాలలో ఇక్కడ పెద్ద కర్మాగారం వెలసింది. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాలనుండి ఎన్నో కుటుంబాలు పని వెతుక్కుంటూ అవే పట్టాల వెంట వచ్చి స్థిరపడ్డాయి. బరంపురంలో జన్మించి, 1969లో రాష్ట్రపతి అయిన వి.వి.గిరి గారు 1928లో ఈ రైల్వే కార్మికుల పక్షాన, ఉద్యోగాలు కోల్పోయినవారి కోసం అహింసాయుతమైన సమ్మెకు నాయకత్వం వహించారు.

నేటికీ గోల్‌బజారులో కూరగాయలు బేరమాడుతున్నప్పుడు పక్కనుండి ఉత్తరాంధ్ర యాస వినిపిస్తుంది. తెలుగువారి మాతా పూజలు ఈ పట్టణంలో ప్రసిద్ధం. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం తెలుగుకు అధికారభాషగా గుర్తింపునివ్వాలని నిర్ణయించడానికి ఇక్కడి తెలుగువారి సంఖ్యాబలమే ముఖ్యకారణం.

బెల్దా దాటిన తరువాత

బెల్దా దాటి కొంతదూరం వెళ్లేసరికి మా కారు ఉష్ణోగ్రత సూచిక ముల్లు పైకి లేచింది. వెంటనే ఏ.సి. ఆపి, బండిని రోడ్డు ఎడమ అంచుకు తీసి ఇంజిను కట్టివేశాము. ప్రమాద సూచక దీపాలు వెలిగించి, ఎర్ర త్రికోణాన్ని వెనుక యాభై మీటర్లకు మించిన దూరంలో నిలిపి, కుటుంబసభ్యులను రోడ్డుకు దూరంగా చెట్టునీడకు పంపాము. రహదారిపై బండి ఆగినప్పుడు మొదట కాపాడుకోవలసినది ఇంజినును కాదు, మనుషులను. జాతీయ రహదారులపై సహాయానికి 1033 నంబరుకు ఫోను చేయవచ్చును.

ఇంతలో స్కూటరుపై వెళుతున్న ఒక పెద్దాయన మా నంబరు పలకపై ఆంధ్ర అక్షరాలు చూసి ఆగారు. "ఏ ఊరు బాబూ? మనోళ్లేనా?" అని పలకరించారు. ఆయన ఖరగ్‌పూర్ కర్మాగారంలో ఫిట్టరుగా పనిచేసి పదవీ విరమణ పొందినవారు. ఆయన తాతగారు టెక్కలి ప్రాంతం నుండి వలస వచ్చారట.

"మూత ముట్టుకోకండి బాబూ, అరగంట ఆగండి" అన్నారాయన. ఆ మాట బంగారం. రేడియేటరులోని నీరు ఒత్తిడికి లోనై ఉంటుంది గనుక నూరు డిగ్రీలు దాటినా మరగదు. మూత తీయగానే ఆ ఒత్తిడి పోయి, ఒక్కసారిగా ఆవిరిగా మారి ముఖంపైకి చిమ్ముతుంది. కాలుతున్న ఇంజినులో చన్నీళ్లు పోస్తే లోహం బీటలు వారే ప్రమాదమూ ఉన్నది.

ఇంజిను చల్లారిన తరువాత ఆయన రబ్బరు గొట్టాన్ని రెండు వేళ్లతో నొక్కుతూ వెళ్లి క్లిప్పు దగ్గర ఆగారు. పైకి నల్లగా మెరుస్తున్న గొట్టం క్లిప్పు క్రింద చీలి ఉన్నది. కత్తితో చీలిన అంగుళం మేర కోసివేసి, మిగిలినదానిని ముందుకు జరిపి, క్లిప్పు బిగించారు. తడిగుడ్డ కప్పి మూతను నెమ్మదిగా తీసి నీరు నింపించారు. "ఇది ఊరు చేరడానికే. రేపు కొత్త గొట్టం వేయించాల" అని హెచ్చరించారు. డబ్బు ఇవ్వబోతే పుచ్చుకోలేదు. "సాయంత్రం మాయింటికి టీకి రండి" అన్నారు.

పెట్టె మీద వ్రాసిన తేదీ

ఆ సాయంత్రం ఆయనే మమ్మల్ని స్టేషనుకు తీసుకొని వెళ్లారు. ఆగి ఉన్న రైలు పెట్టె చివరి గోడను చూపి, "చదవండి బాబూ" అన్నారు. ఏ కర్మాగారంలో, ఏ తేదీన పెట్టెను పూర్తిగా విప్పి బాగుచేశారో అక్కడ రంగుతో వ్రాసి ఉన్నది. దాని పక్కనే మళ్లీ ఎప్పుడు కర్మాగారానికి రావాలో ఆ తేదీ కూడా ఉన్నది. "పెట్టె సెడిపోయేదాకా మేం సూసేవోళ్లం కాదు. తేదీ వచ్చిందంటే, బాగున్నా విప్పాల్సిందే" అన్నారాయన.

ఖరగ్‌పూర్ కర్మాగారం శతాబ్దానికి పైగా చేస్తున్న పని సారాంశం ఆ రెండు తేదీలలో ఉన్నది. మన ప్లాంటులో ప్రతి పంపుకూ, ప్రతి మోటారుకూ తనిఖీ కార్డు ఉంటుంది. ఇంటి ముందు నిలిపిన కారుకు మాత్రం సాధారణంగా ఉండదు. పంపు ఆగితే ఉత్పత్తి తగ్గుతుంది. కారు బ్రేకు పట్టకపోతే పోయేది మన పిల్లల ప్రాణం.

రైలు ఆగగానే సిబ్బంది ఇరుసుల పెట్టెలపై చేయి వేసి వేడిని పరిశీలించేవారని కూడా ఆయన చెప్పారు. ఆ పద్ధతి కారుకూ పనికివస్తుంది. దూరప్రయాణంలో టీకి ఆగినప్పుడు అరచేతి వెనుక భాగాన్ని ప్రతి చక్రం మధ్యభాగానికి తాకకుండా దగ్గరగా పెట్టి చూడవలెను. ఒక్కటి మాత్రమే ఎక్కువ వేడిగా ఉన్నట్లయితే అక్కడ బ్రేకు పట్టుకొని ఉన్నదనో, బేరింగు అరిగినదనో అనుమానించవలెను.

ఇంట్లో అందరూ నేర్వదగినవి

చక్రం మార్చడం: చదునైన, గట్టి నేలపై బండిని నిలిపి, హ్యాండ్ బ్రేకు వేసి, ఇతర చక్రాలకు రాళ్లు అడ్డుపెట్టవలెను. చక్రం నేలపై ఉండగానే నట్లను అర చుట్టు వదులుచేసి, ఆ తరువాతనే జాకీ ఎత్తవలెను. జాకీపై ఉన్న బండి క్రిందికి దూరరాదు. నట్లను ఒకదాని తరువాత దాని ఎదుటి దానిని బిగించి, కొద్ది దూరం నడిచాక మరల సరిచూడవలెను. స్టెప్నీలో గాలి లేకపోతే ఈ శ్రమ అంతా వృథా.

బ్యాటరీ: మరొక బండి సాయంతో స్టార్టు చేసేటప్పుడు ఎర్ర తీగతో రెండు బ్యాటరీల ధన ధ్రువాలను కలపాలి. నల్ల తీగ ఒక కొనను మంచి బ్యాటరీ ఋణ ధ్రువానికీ, రెండవ కొనను ఆగిన బండి ఇంజిను లోహభాగానికీ తగిలించాలి. నిప్పురవ్వ బ్యాటరీకి దూరంగా ఉండడానికే ఈ ఏర్పాటు.

ఎర్ర దీపాలు: ఆయిల్ దీపం వెలిగితే ఆ క్షణమే ఇంజిను ఆపవలెను. బ్రేకు దీపం హ్యాండ్ బ్రేకు దించినా ఆరకపోతే ప్రయాణం మానవలెను. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. కనుక బండి తక్కువ తిరిగినా సాధారణంగా రెండేళ్లకొకసారి దానిని మార్పించవలెను.

వరద నీరు: నీటిలో ఆగిపోయిన బండిని మరల స్టార్టు చేయరాదు. సిలిండరులోకి చేరిన నీరు నలగదు, కనెక్టింగ్ రాడ్డు వంగుతుంది.

టైర్లు: గాలిని టైరు చల్లగా ఉన్నప్పుడే చూడవలెను. టైరు గీతల లోతు 1.6 మిల్లీమీటర్లకు తగ్గితే దాని ఆయువు తీరినట్లే.

బెంగాలులో సెప్టెంబరు 17 ప్రాంతంలో విశ్వకర్మ పూజనాడు కర్మాగారాలలో యంత్రాలకు పూజ జరుగుతుంది. మనం దసరాకు ఆయుధపూజ చేస్తాము. పసుపు కుంకుమలు పెట్టి, చక్రం క్రింద నిమ్మకాయ ఉంచే ఆ రోజునే బానెట్ ఎత్తి గొట్టాలు నొక్కి చూస్తే, బెల్టు పరిశీలిస్తే పూజకు లోపం రాదు.

మరునాడు ఖరగ్‌పూర్‌లో కొత్త గొట్టం వేయించుకొని తిరుగు ప్రయాణమయ్యాము. ఇప్పుడు మా కారు గ్లవ్ బాక్సు మూత లోపల ఒక కాగితం అంటించి ఉన్నది. ఇంజిను ఆయిల్, బ్రేక్ ఆయిల్, కూలెంట్, గొట్టాలు, బెల్టు, టైర్లు, బ్యాటరీ అని ఏడు వరుసలు. ఒక్కొక్క దానికి చేయించిన తేదీ, మళ్లీ చేయించవలసిన తేదీ. సంక్రాంతి సెలవులకు సొంత ఊళ్లకు బయలుదేరే సోదర ఉద్యోగులందరూ ముందుగా అటువంటి కాగితం ఒకటి వ్రాసుకోవలెనని మా మనవి. దానికి కావలసినది ఒక కలము, పది నిమిషాల తీరిక.