ఎడమవైపు ఖాళీ

2023 వేసవిలో హైదరాబాద్ ఎఫ్‌సీ నుంచి వెళ్ళినవాళ్ళ పేర్లు చదివితే ఎవరి కళ్ళైనా ముందు ఒగ్బెచే దగ్గరే ఆగుతాయి. ఆగాలి కూడా. 2021-22లో 18 గోల్స్ కొట్టాడు, ఆ ఏడే కప్పు గెలిచాం. కానీ అప్పటికే అతనికి 38 ఏళ్ళు. ఎప్పుడో వెళ్తాడని తెలుసు.

నాకు మింగుడుపడనిది ఆకాశ్ మిశ్రా ముంబై సిటీకి పోవడం. 21 ఏళ్ళ లెఫ్ట్ బ్యాక్. గచ్చిబౌలిలో ఒక హాఫ్ అంతా నా ముందే పైకీ కిందికీ పరిగెత్తేవాడు. అదే వైపు వింగ్‌లో ఆడే నర్జారీ బెంగళూరుకి వెళ్ళాడు. కుర్రాళ్ళని నమ్మి ఆడించిన కోచ్ మనోలో మార్కెజ్ గోవాకి. స్ట్రైకర్‌ని డబ్బు పెట్టి తెచ్చుకోవచ్చు. ఒకరి పరుగు ఇంకొకరికి చూడకుండానే తెలిసే జోడీని ఎక్కడ కొంటాం? (మా సాఫ్ట్‌వేర్ టీముల్లోనూ ఇంతే.)

అంతకుముందు సీజన్‌లో 42 పాయింట్లు, రెండో స్థానం. ఆ తర్వాత 22 మ్యాచ్‌ల్లో 8. జీతాల బకాయిలతో సీజన్ మధ్యలో ఇంకొందరు వెళ్ళిపోయారు, అది నిజమే. అయినా ఒగ్బెచే ఉండుంటే అనేవాళ్ళని అడుగుతాను: ఎడమ నుంచి బంతి ఎవరందించేవారు?

మిగిలిన కుర్రాళ్ళు గెలిచింది ఒక్కటే మ్యాచ్. అదీ చెన్నైలో.