చెల్లని కాసుకు గిరాకీ

సాయంత్రం పూట చార్మినార్ చుట్టుపక్కల నడిస్తే ఫుట్‌పాత్‌పై గుడ్డ పరిచి పాత నాణేలు అమ్మేవాళ్లు కనిపిస్తారు. రాగి, ఇత్తడి, అక్కడక్కడా వెండి. నచ్చిన బిళ్లను ఏరుకుని, బేరమాడి, ఫోన్ తీసి డబ్బు పంపేవాళ్లూ ఉంటారు. ఏమీ కొనలేని కాసును చేతికి తగలని డబ్బుతో కొనడం ఈ బజారులో కొత్త వింత.

ఈ ఊరి సొంత నాణెం హాలీ సిక్కా. దానిపై ఉన్న కట్టడం ఎదురుగానే నిలబడి ఉంటుంది. పరకాయించి చూస్తే నాణెంలోని చార్మినార్ ద్వారంలో ఒక అరబిక్ అక్షరం. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్‌ది ‘మీమ్’, ఏడో నిజాం ఉస్మాన్ అలీఖాన్‌ది ‘ఐన్’. ఏలిక ఎవరో చెప్పడానికి ఆ ఒక్క అక్షరం చాలు. 1950లో భారత రూపాయి వచ్చినప్పుడు ఏడు హాలీ రూపాయలు ఆరు భారత రూపాయలతో సమానం. 1959లో హాలీ చెలామణి ముగిసింది. ఇక 1943-47 నాటి చిల్లు కానీ మరో సాక్షి. దాని మధ్యలోని చిల్లు యుద్ధకాలపు లోహం కొరతకు గుర్తు.

నాణేలు సేకరించేవారిలో చాలామంది టోకెన్లనూ వదలరు. వాటి కథ మరింత చేదు. 19వ శతాబ్దంలో అస్సాం తేయాకు తోటల్లో కూలీలకు సొంత బిళ్లలిచ్చిన యజమానులున్నారు. తోట దాటితే సాధారణంగా వాటికి విలువ లేదు. గంజాం, విశాఖ ప్రాంతాల నుంచి వెళ్లినవారూ ఆ తోటల్లో చెమటోడ్చారు. ఇప్పుడు ముచ్చటపడి దాచుకునే బిళ్ల ఒకప్పుడు కూలీని తోటకు కట్టేసిన తాడు.

మన కాలపు టోకెన్‌కు అంత ఆయుష్షు లేదు. 2002లో మొదలైన ఢిల్లీ మెట్రోలో ప్లాస్టిక్ బిళ్లను దిగిన చోట గేటుకే అప్పగించాల్సి వచ్చేది. 2023లో అక్కడ క్యూఆర్ కాగితం టికెట్లూ వచ్చేశాయి. హైదరాబాద్ సైఫాబాద్‌లో 1903 నుంచి నడిచిన టంకశాలలో నాణేల తయారీ 1997లో చర్లపల్లికి మారింది. పాత భవనం 2022లో మ్యూజియంగా తలుపులు తెరిచింది.

గవ్వలతో సరుకులు కొన్నవారు ఇప్పుడెవరూ లేరు. అయినా చేతిలో చిల్లిగవ్వ లేదంటూనే ఉంటాం. 2016లో వచ్చిన యూపీఐ చెల్లింపుల లెక్క బ్యాంకుల దగ్గర భద్రంగా ఉంటుంది. కానీ ఎవరు ఏలారో, ఎవరు ఎవరికి కట్టుబడి బతికారో రేపు ఫుట్‌పాత్‌పై ఏరుకుని చదువుకోవడానికి బిళ్ల ఉండదు. చెల్లని కాసుకు గిరాకీ అందుకే.