పడుకునే ఎత్తు

హిమాలయాల్లో ఏదో ఒక శిఖరం ఎక్కడానికి వెళ్తున్నాం, ఫిట్‌నెస్ సర్టిఫికెట్ కావాలంటూ నా దగ్గరికి వచ్చేవాళ్లు ఈమధ్య బాగా పెరిగారు. ఎక్కువమంది ముప్పై, నలభై ఏళ్ల ఉద్యోగస్తులు. ఏజెన్సీ పంపిన రోజువారీ పట్టికను ఫోన్లో తెరిచి చూపిస్తారు. ఐలాండ్ పీక్ 6,189 మీటర్లు, మేరా పీక్ 6,476 మీటర్లు అని శిఖరం ఎత్తు ముందు చెప్తారు. నేను మాత్రం ఫోన్ చేతిలోకి తీసుకుని ఏ రాత్రి ఎంత ఎత్తున పడుకుంటారో చూస్తాను.

మూడు వేల మీటర్లు దాటాక, పడుకునే ఎత్తు రోజుకు 500 మీటర్లకు మించి పెరగకూడదు. మూడు నాలుగు రోజులకోసారి ఉన్నచోటే ఇంకో రాత్రి ఉండాలి. పగలు పైకెళ్లి రావచ్చు, రాత్రికి మాత్రం కిందికి దిగాలి. ఐలాండ్ పీక్ దారిలో లుక్లా 2,860 మీటర్లు, నామ్చే 3,440, డింగ్‌బోచే 4,410. నామ్చేలో ఒకరోజు, డింగ్‌బోచేలో ఒకరోజు ఆగడం ఆనవాయితీ. సెలవులు కలిసొస్తాయని డింగ్‌బోచేలో ఆగే రోజును కొట్టేసిన పట్టికలు నా టేబుల్ మీదికి వస్తూనే ఉంటాయి. మేరాకైతే లుక్లా నుంచి నేరుగా 4,600 మీటర్ల జత్ర్వా లా కనుమ మీదుగా తీసుకుపోయే అడ్డదారి ఒకటుంది. రెండు మూడు రోజుల్లోనే అంత ఎత్తు దాటించే ఆ దారి పట్టికలో కనిపిస్తే నేను సంతకం పెట్టను.

"రోజూ కేబీఆర్ పార్కులో పది కిలోల బ్యాగుతో నడుస్తున్నాను సార్" అంటారు. మంచిదే, కాళ్లకీ గుండెకీ అది కావాలి. కానీ పలచని గాలికి శరీరం అలవాటుపడటం వేరే సంగతి. 5,500 మీటర్ల దగ్గర గాలి ఒత్తిడి సముద్రమట్టంతో పోలిస్తే సగమే. ఊపిరి వేగం పెరుగుతుంది, కార్బన్ డయాక్సైడ్ ఎక్కువగా బయటికి పోతుంది, రక్తంలో క్షారగుణం పెరుగుతుంది. దాన్ని మూత్రపిండాలు సరిచేయడానికి రోజులు పడతాయి. డయామాక్స్ మాత్ర ఆ పనిని కొంత తొందరపెడుతుంది, అంతే. మన తూర్పు కనుమల్లో ఎంత ఎత్తయిన కొండయినా 1,700 మీటర్లు దాటదు కాబట్టి ఈ అలవాటు ఇంటి దగ్గర చేసుకుని వెళ్లేది కాదు.

కండబలం ఎత్తు జబ్బును ఆపలేదని మన సైన్యమే చూసింది. 1962 యుద్ధ సమయంలో మైదానాల్లోని సైనికుల్ని హడావిడిగా హిమాలయాల ఎత్తులకు చేర్చారు. అలా జబ్బుపడిన 1,925 మంది గురించి ఇందర్ సింగ్, ఆయన తోటి వైద్యులు 1969లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో రాశారు. వాళ్లంతా కసరత్తు చేసిన సైనికులే. మాలావత్ పూర్ణ, ఆనంద్ కుమార్ 2014 మే 25న ఎవరెస్ట్ ఎక్కినప్పుడు తెలుగువాళ్లమంతా పొంగిపోయాం. శిఖరం మీది ఫొటో అందరికీ గుర్తుంది. భువనగిరి రాళ్ల మీద మొదలై డార్జిలింగ్, లద్దాఖ్ దాకా నెలల తరబడి సాగిన శిక్షణ ఎంతమందికి గుర్తుందో.

ఒక బృందంతో వైద్యుడిగా ఐలాండ్ పీక్ వైపు వెళ్లినప్పటి సంగతి. ఛుకుంగ్‌లో ఉన్నాం, 4,730 మీటర్లు. మర్నాడు బేస్ క్యాంపు. సాయంత్రం లాడ్జి భోజనాల గదిలో పొయ్యి చుట్టూ అందరం చేరాం. హైదరాబాద్ నుంచి వచ్చిన ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగి దాల్‌భాత్ పళ్లెం ముందు పెట్టుకుని అన్నం కెలుకుతున్నాడు. పక్కవాళ్లు వేలికి ఆక్సీమీటర్ తగిలించుకుని నాది ఎనభై, నీది డెబ్బై ఎనిమిది అని పోటీపడుతున్నారు. ఆ అంకెను పట్టుకుని జబ్బు ఉందనీ లేదనీ తేల్చలేం. తినడం మానేసిన మనిషి నాకు అంతకంటే ఎక్కువ చెప్తాడు. అతను బయటికి వెళ్దామని లేచి, గుమ్మం పట్టుకుని ఆగాడు.

దగ్గరికి పిలిచి, నేల చెక్కల మధ్య గీత చూపించి, దాని మీద మడమకు బొటనవేలు ఆనించి నడవమన్నాను. మూడో అడుగుకు పక్కకు ఒరిగాడు.

"చెప్పులు లూజుగా ఉన్నాయి సార్."

"విప్పేసి నడువు బాబూ."

ఈసారి రెండో అడుగుకే గోడ పట్టుకున్నాడు. జేబులో పారాసెటమాల్ స్ట్రిప్పు దాదాపు ఖాళీ. రెండు రోజులుగా తలనొప్పి ఉందట. గైడ్ పొద్దునా సాయంత్రం అడిగినా బాగానే ఉన్నానని చెప్పాడట.

మెదడు వాచింది. వదిలేస్తే ఒక్క రోజులో స్పృహ తప్పి ప్రాణం మీదికి రావచ్చు. చీకటి పడ్డాక హెలికాప్టర్ రాదు. డెక్సామెథసోన్ ఇచ్చి, ఆక్సిజన్ పెట్టి, షెర్పాలు వంతులవారీగా వీపున మోస్తుంటే డింగ్‌బోచే దాకా దించాం. తెల్లవారాక పాంగ్‌బోచేకు, 3,930 మీటర్లకు. అక్కడ అతను గీత మీద తిన్నగా నడిచాడు. నడవగానే అడిగిన మొదటి మాట, "ఆ మాత్ర ఇంకో రెండు ఇవ్వండి సార్, మళ్లీ పైకెళ్తాను" అని.

ఆ మందుతో ఉన్న చిక్కు ఇదే. వాపును అణుస్తుంది, శరీరాన్ని ఎత్తుకు అలవాటు చేయదు. దాని బలంతో పైకెళ్లి, ఆపేసిన పూట జబ్బు తిరగబడితే దించడానికి ఎవరూ అందుబాటులో ఉండకపోవచ్చు. కుదరదని చెప్తే ఏడ్చాడు. రెండేళ్లు డబ్బు కూడబెట్టాడు, ఆఫీసులో అందరికీ చెప్పి వచ్చాడు, ఇంకొక్క సెలవు మిగల్లేదు. తలనొప్పి అని చెప్తే ఆపేస్తారని భయపడ్డాడు. అతని మీద నాకు కోపం రాలేదు. ఒక్క రోజు ఎక్కువ ఆగే వీలుంటే దాచాల్సిన అవసరమే ఉండేది కాదు. తలనొప్పి ఉన్నంతసేపు పైకెళ్లకుండా డింగ్‌బోచేలోనే ఉండి ఉంటే, చాలామందికి తగ్గినట్టే అతనికీ తగ్గి, శిఖరం కూడా ఎక్కేవాడేమో.

డబ్బు కట్టినవాళ్లు సెలవుల కోసం దాస్తారు. మూట మోసేవాళ్లు కూలి కోసం దాస్తారు. పోర్టర్లంతా ఆ ఎత్తుల్లోనే పుట్టి పెరిగినవాళ్లని మనవాళ్ల నమ్మకం. చాలామంది రాయ్‌లు, తమాంగ్‌లు, దిగువ లోయల ఊళ్ల నుంచి వచ్చినవాళ్లు. మనకెంత ప్రమాదమో వాళ్లకీ అంతే, పైగా బరువు.

ఇంకోసారి మేరా దారిలో ఖారే అనే చోట, దాదాపు 5,000 మీటర్ల దగ్గర, రాత్రి వంటగది వెనక ఎవరో ఆగకుండా దగ్గుతుంటే వెళ్లి చూశాను. ఇరవై ఏళ్లు కూడా నిండని కుర్రాడు గోడకు ఆనుకుని కూర్చున్నాడు. పడుకుంటే ఊపిరాడటం లేదు. గోళ్లు నీలంగా ఉన్నాయి. వీపు మీద స్టెతస్కోప్ పెడితే కుడివైపు చిటచిటమని చప్పుడు. ఊపిరితిత్తుల్లోకి నీరు చేరింది. ఊరికే కూర్చున్నా ఆయాసం తగ్గడం లేదంటే తెల్లారేదాకా చూద్దామనుకోకూడదు. ఆక్సిజన్ పెట్టాను, నిఫెడిపిన్ ఇచ్చాను, ఇప్పుడే దిగాలన్నాను.

అతను కదల్లేదు. నాతో మాట్లాడకుండా పనివాళ్ల పెద్ద అయిన సర్దార్ వైపు తిరిగి నేపాలీలో ఏదో అడిగాడు. ఏమంటున్నాడని సర్దార్‌ని అడిగాను.

"తన మూట ఎవరు మోస్తారని అడుగుతున్నాడు డాక్టర్ సాబ్. మిగిలిన రోజుల కూలి పోతుందా అని."

పోదు, మొత్తం ఇస్తాం, నీతో ఇద్దరు వస్తారు అని సర్దార్ అందరి ముందూ చెప్పాడు. అప్పుడు లేచాడు. ముందు తంగ్నాగ్‌కు, మర్నాడు కోథేకు దించారు. మేం తిరిగి వచ్చేసరికి కోథేలో లాడ్జి ముందు కూర్చుని బంగాళదుంపలు ఒలుస్తున్నాడు. దగ్గు ఇంకా పూర్తిగా పోలేదు.

ఏ బృందంతోనైనా వెళ్లమని పిలుపు వస్తే ఏజెన్సీవాళ్లను ఇప్పుడు రెండు సంగతులు అడుగుతాను. పట్టికలో ఖాళీగా ఉంచిన రోజులు ఎన్ని? జబ్బుపడి మధ్యలో దిగిపోయిన పోర్టర్‌కు పూర్తి కూలి ఇస్తామని బయల్దేరే రోజునే, అందరి ముందూ చెప్తారా?