నా తరువాత రాజు గతి



మల్కాజిగిరిలో మా సంఘమునకు చెందిన ఒక వృద్ధ సహోదరి ప్రభువునందు నిద్రించెను. పిల్లలు దూరమునుండి వచ్చి, సమాధి కార్యక్రమము జరిపించి, ఇంటికి తాళము వేసికొని వెళ్లిరి. ఆమె పెంచుకొనిన కుక్క 11 దినములు ఆ గేటు ఎదుట పండుకొనియుండెను. పన్నెండవ దినమున కనబడలేదు. పిల్లలు కఠినులు కారు. దానిని ఎవరికి అప్పగించవలెనో తల్లి చెప్పియుండలేదు.

ఆ సాయంకాలము నాచారములోని మా ఇంటికి వచ్చితిని. నా కుక్క రాజు ఎప్పటివలెనే తోక ఊపుచు ఎదురువచ్చెను. నాకు 72 ఏండ్లు, వానికి 4. లెక్క చూచుకొనగా గుండె బరువెక్కెను.

నా తరువాత మా అన్న కుమారుడు చూచుకొనునని నిశ్చింతగా నుంటిని. అయితే అతనిని ఎన్నడును అడుగలేదు. ఇప్పుడు అడిగితిని. "చిన్నాయనా, మాది మూడో అంతస్తు. ఇద్దరం పనికి పోతం. చూస్తనని అబద్ధం చెప్పలేను" అనెను. మొదట నొచ్చుకొంటిని. పిమ్మట, బ్రతికియుండగానే ఆ మాట వినుట మేలనుకొంటిని.

ఉప్పలులో ఒక వకీలుగారిని కలిసికొంటిని. చట్టము దృష్టిలో కుక్కయే ఒక ఆస్తి గనుక దాని పేర ఆస్తి వ్రాయరాదట. కుక్కను, దాని పోషణకు సొమ్మును, నమ్మకమైన ఒక మనుష్యునికి వ్రాయవలెను. ఆ మనుష్యుడు ముందుగా పోయినయెడల చూచుటకు మరియొకరి పేరును ఉండవలెను. 1925 సంవత్సరపు భారత వారసత్వ చట్టము ప్రకారము వీలునామాపై కనీసము ఇద్దరు సాక్షులు సంతకము చేయవలెను. సొమ్ము పొందువారుగాని, వారి భార్యగాని భర్తగాని సాక్షి సంతకము చేసినయెడల, వారికి వ్రాసినది చెల్లదు. రిజిస్టరు చేయించుట మంచిదే, తప్పనిసరి కాదు. 2024లో గతించిన రతన్ టాటాగారు తన కుక్క టిటో పోషణకు వీలునామాలో ఏర్పాటు చేసి, తన వంటవానికి అప్పగించిరని పత్రికలలో వచ్చినది.

ప్రక్కింట కుట్టుపని చేసికొను సహోదరిని అడిగితిని. "రాజును నేను సాదుత అన్నా. గాని కాయితం మీద రాయుండ్రి. రేపు మీవాళ్లు, ముసలాయన దగ్గర ఏం తీసుకున్నవని నన్ను అడగొద్దు గదా" అనెను. రాజు కొరకని తలచిన ఆ కాగితము, వానిని సాకబోవు ఆమెను నిందనుండి కాచుటకును కావలెనని అప్పుడు గ్రహించితిని.

వీలునామా తెరచులోగా దినములు గడచును. రాజుకు ఆ రాత్రియే ఆకలి వేయును. అందుచేత వాని తిండి వివరములు, టీకాల పుస్తకము, ఇంటి తాళపుచెవి ఆమెయొద్ద నుంచితిని.

మన ప్రభువు సిలువ వేదనలోనుండియు తన తల్లిని శిష్యునికి అప్పగించెను గదా! ప్రియులారా, మీ దొడ్డిలోని ఎద్దును, మీ గుమ్మములోని కుక్కను ఎవరికి అప్పగించితిరి? ఆ మనుష్యుని ఈ వారమే అడుగుడి.