అరకు కొండెక్కిన గవ్వ

విశాఖలో బయల్దేరిన రైలు సొరంగాలన్నీ దాటి అరకు చేరేసరికి సముద్రం వంద కిలోమీటర్లకు పైగా వెనకబడిపోతుంది. ఎత్తు తొమ్మిది వందల మీటర్ల పైమాటే. అయినా ఓ బుల్లి సముద్రపు నత్త ఈ కొండలకు ఏనాడో చేరింది. అదే గవ్వ!

1909లో వెలువడిన ఎడ్గార్ థర్‌స్టన్ గ్రంథం గదబ స్త్రీల నుదుటి పట్టీల గురించి చెబుతుంది. వాటిని గవ్వలతోనో, గడ్డిగింజలతోనో, ఎర్రటి గురిగింజలతోనో కట్టుకునేవారట. గింజలు కొండల్లోనే దొరుకుతాయి. గవ్వ మాత్రం కడలి దాటి రావాల్సిందే.

ఇంతకీ అది ఏ గవ్వ? దండల్లో ఎక్కువగా కనిపించేవి రెండు రకాలు. పసుపు ఛాయతో, అంచులు బుడిపెల్లా ఉబ్బి ఉంటే డబ్బుగవ్వ. 1758లో లినేయస్ పేరుపెట్టిన ఈ జీవిని నేడు ‘మోనెటేరియా మోనెటా’ అంటారు. నున్నగా కోలగా ఉండి, వీపున బంగారు రంగు ఉంగరం కనిపిస్తే అది ‘మోనెటేరియా ఆన్యులస్’. దండకు గుచ్చేందుకు వీపు తీసేస్తే ఆ ఉంగరమూ పోతుంది. అప్పుడిక అంచుల తీరును బట్టే పోల్చుకోవాలి.

బతికున్నప్పుడు గవ్వ పగలంతా పగడపు దిబ్బల్లో రాళ్లకింద నక్కి, రాత్రిపూట నాచు మేస్తుంది. మెత్తటి కండపొర రెండువైపుల నుంచీ పెంకును కప్పేస్తుంది. ఆ నిగనిగలన్నీ దాని చలవే. తల్లి గవ్వ గుడ్లను అంటిపెట్టుకుని కాపలా కాస్తుంది.

ఒకప్పుడు డబ్బుగవ్వలకు పుట్టిల్లు మాల్దీవులు. అక్కడివాళ్లు వాటిని గోతుల్లో పాతి, మాంసం కుళ్లిపోయాక బెంగాల్‌కు పంపి బియ్యం తెచ్చుకునేవారని 14వ శతాబ్దపు యాత్రికుడు ఇబ్న్ బతూతా రాశాడు. అరకును ఆనుకున్న ఒడిశాలో పంతొమ్మిదో శతాబ్దం మొదట్లోనూ గవ్వలే చిల్లర. 1803లో ఆ ప్రాంతాన్ని చేజిక్కించుకున్న ఈస్టిండియా కంపెనీ, శిస్తు వెండి నాణేల్లోనే కట్టాలంది. గవ్వల విలువ పడిపోయింది. రైతు చేతిలోని గవ్వల మూట శిస్తుకు చాలకుండా పోయింది. 1817 నాటి పైకా తిరుగుబాటుకు దారితీసిన కష్టాల్లో ఇదీ ఒకటి.

డబ్బుగా గవ్వ కథ అలా ముగిసింది. కానీ నగగా కాదు. చేతిలో పైసా లేనివాడు ‘చిల్లిగవ్వ కూడా లేదు’ అంటాడు. కొండల్లో లెక్క వేరు... చిల్లి పడితేనే గవ్వ దండకెక్కుతుంది!