చెరిపిన లైను

అమలాపురంలో అబ్బా సైకిల్ షాపు బోర్డు మీద రెండు లైన్లుండేవి. పైన తెలుగు, కింద ఉర్దూ. సాయిబు చెయ్యి పడితే చక్రం వంకర పోతుందని వచ్చేవాళ్ళే, క్రికెట్ మ్యాచ్ రోజున మీరెటువైపని అడిగేవాళ్ళు. 1992 డిసెంబరు 6న బాబ్రీ మసీదు కూలింది. వారం తిరక్కుండా అబ్బా కింది లైను చెరిపేశాడు. చెరపమని ఎవరూ అనలేదు. అనేదాకా ఆగలేదు, అంతే.

షాపు ఎప్పుడో పోయింది. ఇప్పుడు మా అబ్బాయికి రోడ్డు సైకిలు కట్టిస్తూ ఒక్కో సామానూ ఏరుతున్నాం. కార్బన్ ఫ్రేము మా తాహతుకు మించింది. అల్యూమినియం తేలికే. అయినా విరిగితే అతుకు పడేది స్టీలు. అదే తీసుకున్నాం. సముద్రపు గాలికి తుప్పు పట్టకుండా గొట్టాల లోపల నూనె పట్టించాం. కాలవ గట్ల గతుకులకు 32 మిల్లీమీటర్ల టైర్లు, అవి పట్టే ఫోర్కు. కోనసీమలో ఎత్తంటే వంతెనలే. ఎదురుగాలికి వెనక ఎనిమిది గేర్లు చాలనుకున్నాం.

"ఫ్రేము మీద ఏం రాయమంటారండి?" అన్నాడు పెయింటరు. అబ్బా షాపు పేరు తెలుగులో రాయించాం. కింద ఉర్దూలో రాయడానికి బ్రష్షు మేమే తీసుకున్నాం.

కుర్చీలోంచి అబ్బా చూస్తున్నాడు. "డర్ నహీఁ లగ్తా, బేటా?"

"భయమే అబ్బా" అన్నాం తెలుగులో. చెయ్యి మాత్రం ఆపలేదు.